యేసు రక్తం రాజీ కాగితం కాదు

(ఊరవతలి మాటలు – 23)

మిత్రులారా, పోయిన వారం రాసినదాని కింద చాలా ప్రశ్నలు వచ్చాయి. అన్నిటికీ జవాబు చెప్పలేను. ఒకటి మాత్రం పక్కన పెట్టలేకపోయాను. కడపలో పీజీ చదివే ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగిన ప్రశ్న అది. వాళ్ళదీ మా సింహాద్రిపురం వైపే. ఊరి పేరు, మనిషి పేరు రాయను. అతని అనుమతితో విషయం మాత్రం చెప్తాను.

చీనీ తోటలో కాయలు కోసిన కూలి అడిగినందుకు వాళ్ళ నాయనను కులం పేరు పెట్టి తిట్టి, కొట్టారు. అట్రాసిటీ కేసు నమోదైంది. రెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు సాక్షుల విచారణ దగ్గర పడింది. పెద్దమనుషులు రాజీ మాట తెచ్చారు. కొంత డబ్బిస్తారు, ఇక పనికి పిలుస్తారు, కోర్టులో "మాకేమీ తెలీదు" అంటే చాలు. అంతవరకు కొత్తేం లేదు, ప్రతి ఊళ్ళోనూ జరిగేదే. కొత్త సంగతి ఏంటంటే, ఆ మాట ఇంటికి తెచ్చినవాళ్ళల్లో వాళ్ళ సంఘ కాపరి కూడా ఉన్నాడు. ఆయన అన్నదిది: "క్రీస్తు సిలువ మీద మన అప్పంతా తీర్చేసినాడు. అంత పెద్ద అప్పు మాఫీ అయినోళ్ళం, ఇంకోడి అప్పు పట్టుకుని కూర్చుంటే అదేం విశ్వాసమప్పా?"

తమ్ముడి ప్రశ్న: "అన్నా, సిలువను నమ్మితే సంతకం పెట్టాల్సిందేనా? మా నాయన అట్లే అనుకుంటాండాడు."

తమ్ముడూ, ఇది నీ ఒక్కడి ప్రశ్న కాదు. మన వాడల్లో వేల ఇళ్ళ ప్రశ్న. అందుకే ఇక్కడ రాస్తున్నా. నేను పాస్టర్‌ని కాను. పదవ తరగతి వరకు సండే స్కూల్లో, ఆ తర్వాత అంబేడ్కర్ సంఘంలో పెరిగినవాడిని. రెండు చోట్లా నేర్చుకున్నదే చెప్తా.

ముందు ఒక మాట. సిలువ ఒకటే. అది ఎట్లా రక్షిస్తుంది అన్నదానికి మాత్రం క్రైస్తవుల్లో ఒకే జవాబు ఏనాడూ లేదు. క్రీస్తు దేవుడా మనిషా అన్నదాని మీద సభలు పెట్టి తీర్మానాలు చేశారు. నైసియాలో 325లో, కాన్‌స్టాంటినోపుల్‌లో 381లో. ఆ విశ్వాస ప్రమాణం మన కోసం సిలువ వేయబడ్డాడని చెప్పి ఊరుకుంది. ఎవరికి చెల్లించాడు, ఎంత చెల్లించాడు, ఎందుకు చెల్లించాలి అని చెప్పలేదు. కాబట్టి కాపరి గారు చెప్పింది ఒక వివరణ. అదే సువార్త మొత్తం కాదు. మిగతావి కూడా తెలుసుకుని అప్పుడు తేల్చుకుందాం. అవి తెలుసుకోవడానికి గ్రీకు, లాటిన్ అక్కర్లేదు. మన సీమ బతుకు తెలిస్తే చాలు.

మొదటిది, జీతగాడి అప్పు.

మన తాతల్లో ఎంతమంది జీతానికి ఉన్నారో లెక్క లేదు. పెండ్లికో రోగానికో తెచ్చిన నూరు రూపాయలకు కొడుకును జీతం పెట్టేవాళ్ళు. కొడుకు ఎదిగి, వాడి కొడుకు ఎదిగినా ఆ నూరు తీరేది కాదు. పాత తెలుగు బైబిల్లో "విమోచన క్రయధనము" అనే మాట ఉంది చూడు, దాని అర్థం మా అవ్వకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని రాలేదు. జీతగాడిని విడిపించడానికి కట్టే సొమ్ము. మొదటి శతాబ్దాల క్రైస్తవులు సిలువను ఎక్కువగా ఇట్లాగే అర్థం చేసుకున్నారు. మనుషులు బానిసలు, క్రీస్తు వెల కట్టి విడిపించాడు.

సరే, ఆ వెల ఎవరికి కట్టాడు? ఇక్కడే గొడవ మొదలైంది. నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగరీ సైతానుకు అన్నాడు. గాలానికి ఎర గుచ్చినట్టు క్రీస్తు మానవ దేహం లోపల దైవత్వం ఉంది, సైతాను మింగి చిక్కుకున్నాడు అన్నాడు. ఆయన స్నేహితుడే, నజియాంజస్ గ్రెగరీ, ఒప్పుకోలేదు. దొంగకు, దోపిడీదారుకు దేవుడు సొమ్ము కట్టడమేంటి, సిగ్గుచేటు అన్నాడు. పోనీ తండ్రికి కట్టాడా? మనల్ని చెరలో పెట్టింది తండ్రి కాదు కదా అన్నాడు.

ఈ వాదన పాతదని నవ్వుకోవద్దు. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌండ్లు పరిహారం ఇచ్చింది. ఎవరికి? బానిసలకు కాదు, బానిసల యజమానులకు. అది నిస్సా గ్రెగరీ లెక్క. మన దేశంలో 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అది ఏం చెప్పింది? వెట్టి కార్మికుడి అప్పు రద్దు. ఆసామికి తీర్చాల్సింది ఏమీ లేదు. వసూలుకు కోర్టుకు పోయే హక్కు కూడా లేదు. అది రెండో గ్రెగరీ లెక్క. ఆ అప్పు అసలు న్యాయమైన అప్పే కాదు, దాన్ని తీర్చడమేంటి, కొట్టేయాలి. చట్టం కాగితాల్లో ఉన్నంతగా ఊళ్ళో అమలు కాలేదు, అది వేరే సంగతి. సూత్రం మాత్రం చూడు. విమోచన అంటే ఆసామికి డబ్బు ముట్టడం కాదు, జీతగాడు ఇంటికి రావడం.

రెండోది, తప్పు కట్టడం.

రచ్చకట్ట దగ్గర పంచాయితీ గుర్తుందా? తప్పు చేసినవాడు "తప్పు కట్టాల". ఎంత కట్టాలన్నది తప్పును బట్టి ఉండేది కాదు, ఎవరి పట్ల తప్పు చేశాడన్నదాన్ని బట్టి ఉండేది. సాటివాడిని కొడితే ఒక రేటు. పెద్దింటోళ్ళ ముందు చెప్పులేసుకుని నడిస్తే ఇంకో రేటు. అది వాళ్ళ పరువు లెక్క.

కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ 1098 ప్రాంతంలో "దేవుడు మనిషి ఎందుకయ్యాడు" అని పుస్తకం రాశాడు. ఆయన కాలంలో యూరప్ మన ఫ్యూడల్ సీమ లాంటిదే. ప్రభువు, కింద సామంతులు, వాళ్ళ కింద రైతులు. ఆయన లెక్క ఇది: పాపం అంటే దేవుడికి చెల్లాల్సిన గౌరవం చెల్లించకపోవడం. దేవుడి గౌరవం అనంతం, కాబట్టి తప్పు కూడా అనంతం. తప్పు చేసింది మనిషి కాబట్టి మనిషే కట్టాలి. కానీ అంత కట్టే శక్తి దేవుడికే ఉంది. అందుకే దేవుడే మనిషై కట్టాడు. అన్సెల్మ్ మంచివాడే, దేవుడిని పగబట్టిన ప్రభువుగా చూపాలని ఆయన ఉద్దేశం కాదు. సైతానుకు లంచం ఇచ్చాడన్న మాటను తీసేయడానికే ఇది రాశాడు. కానీ నమూనా ఎక్కడి నుంచి తెచ్చాడు? ప్రభువు పరువు నుంచి. పరువు కోసం కూతురిని, అల్లుడిని చంపుకునే దేశంలో బతుకుతున్నవాళ్ళం. "ప్రభువు పరువు చల్లారాలంటే రక్తం కావాల" అన్న మాట మనకు సువార్తలా వినబడదు.

మూడోది మన సీమవాళ్ళకు అన్నిటికన్నా బాగా తెలిసింది. బదులు జైలు.

ఫ్యాక్షన్ రోజుల గురించి పెద్దవాళ్ళను అడుగు. నాయకుడి కోసం లొంగిపోయేది ఎవరు? వెనకాల తిరిగే బీదోడు. కుటుంబాన్ని చూసుకుంటామని మాటిచ్చి ముద్దాయి జాబితాలో పేరు రాయించేవాళ్ళు. చేసింది ఒకడు, శిక్ష ఇంకొకడిది. పదహారో శతాబ్దంలో సంస్కర్తలు, ముఖ్యంగా న్యాయశాస్త్రం చదివిన కాల్విన్, సిలువను కోర్టు భాషలో చెప్పారు. దేవుడు న్యాయాధిపతి, మనం దోషులం, పడాల్సిన శిక్ష క్రీస్తు మీద పడింది. మన గుడ్ ఫ్రైడే ప్రసంగాల్లో నూటికి తొంభై ఇదే. 1822లో కడపకు వచ్చిన లండన్ మిషన్ దొరలు తెచ్చిందీ ఇదే, ఈరోజు రేకుల షెడ్డులో మైకు పెట్టి స్వతంత్ర సంఘాల బ్రదర్స్ చెప్పేదీ ఇదే. లండన్ మిషన్ మనకు బడి ఇచ్చింది, జమ్మలమడుగులో ఆసుపత్రి ఇచ్చింది, ఆ మేలు మరచిపోను. వాళ్ళిచ్చిన ఈ లెక్కను మాత్రం ఇంకోసారి చూడాల.

న్యాయంగా చెప్పాలంటే, ఆ బోధలో ఒక గొప్ప ఓదార్పు ఉంది. తాగి భార్యను కొట్టి, పొద్దున్నే కుమిలిపోయే మనిషికి "నీ శిక్ష తీరింది, లే, కొత్తగా బతుకు" అన్న మాట ప్రాణం పోస్తుంది. మా వాడలో సారా మానేసి మనుషులైన వాళ్ళను నేను చూశాను. వాళ్ళను ఎగతాళి చేసే హేతువాదిని కాను. నా పేచీ ఒక్కటే. ఆ ఓదార్పు దోషికి. దెబ్బ తిన్నవాడికి అందులో ఏముంది? కోర్టులో ముద్దాయి ఉన్నాడు, జడ్జి ఉన్నాడు, ముద్దాయి బదులు శిక్ష పడినవాడు ఉన్నాడు. ఫిర్యాదుదారుడు యాడ? మీ నాయన యాడ, తమ్ముడూ? ఆ బొమ్మలో ఆయనకు చోటే లేదు. అందుకే ఆయనను కూడా ముద్దాయి వరసలోనే నిలబెట్టి, "నువ్వూ పాపివే కదా, వాడిని క్షమించు" అంటున్నారు.

అంబేడ్కర్ ఈ చిక్కును ఎప్పుడో పట్టుకున్నాడు. క్రైస్తవంలోకి వచ్చిన అంటరానివాళ్ళ స్థితి గురించి ఆయన రాసిన వ్యాసం చనిపోయాక అచ్చయింది. అందులో ఆయన వాదన ఇది: మిషనరీలు నీ పతనానికి కారణం నీ పాపం అని నేర్పారు, సమాజ శాస్త్రమేమో కారణం నీ చుట్టూ ఉన్న పరిస్థితులు అంటుంది. పాపమే కారణమని నమ్మినవాడు పరిస్థితులను మార్చడానికి లేవడు. దేవుడి సంగతి వదిలేసి సమాజం వైపు నుంచి చూస్తే ఇది నాశనకరమైన బోధ అని తేల్చేశాడు. క్రైస్తవ విద్యార్థులు ఈ వ్యాసం చదవకుండా జై భీమ్ అనొద్దు. అంబేడ్కరిస్టులు ఇదొక్కటే చదివి మన అవ్వల విశ్వాసాన్ని కొట్టేయొద్దు. ఎందుకో చెప్తా.

మా అవ్వ చదువుకోలేదు. అన్సెల్మ్ తెలీదు, కాల్విన్ తెలీదు. ఆమెకు సిలువ అంటే ఏంటో ఆమె మాటల్లోనే విన్నాను: "యేసయ్య సచ్చినంక మనోళ్ళు పొలి మోయడం మానుకున్యారు నాయనా."

పొలి అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఊరికి కలరా వచ్చినా, వాన రాకపోయినా అమ్మవారికి జాతర చేసేవాళ్ళు. దున్నపోతును నరికి, ఆ రక్తంలో అన్నం కలిపి, రాత్రి పూట ఊరి పొలిమేర చుట్టూ చల్లాల. చల్లేది ఎవరు? మాలోడో, మాదిగోడో. ఊరి కీడంతా ఆ గంపలో ఉందని నమ్మకం. ఆ గంప మన నెత్తిన. పక్క ఊరోళ్ళకు కనబడితే, మా పొలిమేరలోకి కీడు తోలుతావా అని కొట్టేవాళ్ళని అవ్వ చెప్పేది. మద్రాసు బిషప్‌గా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణాది గ్రామదేవతల గురించి రాసిన పుస్తకంలో తెలుగు ఊళ్ళ ఈ తంతులు వివరంగా ఉన్నాయి.

ఇప్పుడు లేవీయకాండం పదహారో అధ్యాయం తెరువు. ప్రాయశ్చిత్త దినం. రెండు మేకలు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండో దాని తల మీద యాజకుడు చేతులు పెట్టి జనం పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అడవిలోకి తోలేస్తారు. విడిచిపెట్టే మేక. తమ్ముడూ, ఆ మేకను నువ్వు గుర్తుపట్టలేదా? ఊరి మైల మోసేది, ఊరవతలికి తోలబడేది, మళ్ళీ లోపలికి రాకూడనిది. అది మన వాడ. వెయ్యేళ్ళుగా ఈ దేశం తన మురికిని మన తల మీద పెట్టి, ఊరవతల నిలబెట్టి, తాను శుద్ధమయ్యానని అనుకుంటోంది.

రెనె జిరార్ అనే ఫ్రెంచి పండితుడు 1970ల నుంచి ఇదే రాశాడు. సమాజాలు తమ లోపలి గొడవను ఒక బలిపశువు మీదికి తోసి శాంతి తెచ్చుకుంటాయి. పాత కథలన్నీ ఆ బలి అయినవాడిదే తప్పు అంటాయి. సువార్తలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా బలి అయినవాడి పక్కన నిలబడి, ఇతను నిర్దోషి, చంపిన గుంపుదే తప్పు అంటాయి. అంటే సిలువ ఇంకో బలి కాదు. బలి అనే మోసాన్ని బయటపెట్టిన సంఘటన. జిరార్ ఇన్ని పుస్తకాల్లో చెప్పింది మా అవ్వ ఒక్క ముక్కలో చెప్పింది. ఇక పొలి లేదు, గంప దించేయండి.

ఇది ఆమె ఒక్కదాని ఊహ కాదు. ఒంగోలు దిక్కున మాదిగలు బాప్టిజం తీసుకున్నప్పుడు ఏం జరిగిందో చరిత్రలో ఉంది. 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మందికి బాప్టిజం ఇచ్చారు. మిషనరీ క్లవ్ వాళ్ళకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలను పూజించొద్దు. చూడటానికి భక్తి నియమాల్లా ఉన్నాయి. ఊళ్ళో అవి ఎట్లా పనిచేశాయి? పిలిచినప్పుడు రాని కూలి, జాతరకు డప్పు కొట్టని మాదిగ. అందుకే కరణాలు, ఆసాములు అంత మండిపడ్డారు. మనవాళ్ళు సిలువను అందుకున్నది "నా పాపం పోయింది" అని మాత్రమే కాదు, "మీ గంప మోయను" అని కూడా.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంబంధం చెప్పాల. ఆ క్లవ్ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. ఒంగోలు మాదిగల కథలను "వైల్ సూయింగ్ శాండల్స్" పేరుతో 1899లో పుస్తకంగా తెచ్చింది ఆమే. చెప్పులు కుట్టేవాళ్ళ కథలు. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్, అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి పెద్ద. మార్టిన్ లూథర్ కింగ్ మీద ఆయన ప్రభావం ఉంది. 1917లో ఆయన రాసిన పుస్తకంలో చివరి అధ్యాయం సిలువ గురించే. అందులో ఆయన అడుగుతాడు: క్రీస్తు మన పాపాలు మోశాడంటారు, ఏ పాపాలు? యూదయలో ఆయనను నిజంగా, చేతులతో చంపిన పాపాలు ఏవి? ఆరు లెక్కపెట్టాడు. మత మౌఢ్యం. అధికారంతో కలిసిన అవినీతి. చెడిపోయిన న్యాయస్థానం. గుంపు ఉన్మాదం. సైనిక బలం. వర్గ తిరస్కారం. ఈ ఆరూ కలిసి ఆయనను చంపాయి. ఇవి ఎవడో ఒకడి సొంత పాపాలు కావు, సమాజం పాపాలు. వీటిలో పాలుపంచుకున్న ప్రతివాడికీ ఆ హత్యలో పాలుంది అన్నాడు.

ఆ ఆరింటినీ పట్టుకుని చుండూరుకు పో. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితులను నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. గుంపు ఉంది, అధికారం ఉంది, పోలీసులు ఉన్నారు, కులం ఉంది. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునే దాకా కొట్లాడారు మనవాళ్ళు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయినవాళ్ళను ఊరవతల కాకుండా ఊరి నడుమ పూడ్చారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళు బైబిలు తెలిసినవాళ్ళే. ఆ రక్తం దేవుడి కోపం చల్లార్చడానికి కారిందని చుండూరు తల్లి ముందు నిలబడి చెప్పగల పాస్టరు ఉన్నాడా? చెప్పలేకపోతే, యేసు రక్తం గురించి కూడా ఆ మాట కొంచెం ఆలోచించి చెప్పాల.

అరవింద్ నిర్మల్ 1980ల్లో దళిత థియాలజీ మొదలుపెట్టినప్పుడు యేసు దళితుడు అన్నాడు. సిలువ మీద విడిచిపెట్టబడిన కేక మన కేక అన్నాడు. అమెరికా నల్లజాతి నుంచి జేమ్స్ కోన్ 2011లో సిలువను, నల్లవాళ్ళను ఉరి తీసిన చెట్టును పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. నేను వాళ్ళకు రుణపడి ఉన్నా. కానీ అక్కడితో ఆగొద్దని హెచ్చరించింది ఒక నల్లజాతి ఆడమనిషి. డెలోరెస్ విలియమ్స్ 1993లో గట్టిగా అడిగింది: బానిసత్వంలో నల్ల ఆడవాళ్ళు తెల్లవాళ్ళ బదులు అన్నీ మోశారు. వాళ్ళ పిల్లలకు పాలిచ్చారు, వాళ్ళ మగవాళ్ళ కోరిక తీర్చారు. అట్లాంటివాళ్ళకు, ఒకరి బదులు ఇంకొకరు బాధపడటమే రక్షణ అని చెప్తే ఏమవుతుంది? బానిసత్వమే పవిత్రమవుతుంది. మన జోగినిలు, బసివిలు, మాతమ్మలు ఊరి మేలు కోసం అర్పించబడినవాళ్ళు కాదా? 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. వాళ్ళకు బాధ గొప్పదని చెప్పకండి. రక్షించింది యేసు పడిన బాధ కాదు, ఆయన బతికిన బతుకు, ఆ బతుకును చావు కూడా ఓడించలేకపోవడం అంటుంది ఆమె. స్వీడన్ బిషప్ ఔలెన్ 1930లోనే మొదటి శతాబ్దాల సిలువ అసలు పాట విజయగీతం అని గుర్తు చేశాడు. శిక్ష తీరిన కథ కాదు, బంధించిన శక్తులు ఓడిన కథ. అన్సెల్మ్ తర్వాత తరంలో అబెలార్డ్ అన్నది కూడా వదలొద్దు. సిలువ మారుస్తుంది దేవుడి మనసును కాదు, మన మనసును. మన జాషువా గారు "క్రీస్తు చరిత్ర" రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు తీసుకున్నది గుర్తుంచుకోండి. అంటరానివాడని అవమానాలు పడిన కవి ఎన్నుకున్న కథానాయకుడు ఆయన.

ఇప్పుడు కాపరి గారి మాట దగ్గరికి వద్దాం. కోపం లేకుండానే చెప్తా. ఆయన కూడా ఆ ఊళ్ళోనే బతకాల, చర్చి స్థలం పట్టాకు ఆ పెద్దమనుషుల దగ్గరికే పోవాల.

ఒకటి. క్షమించమని సిలువ మీద ప్రార్థించింది ఎవరు? మేకులు దిగినవాడు. కింద నిలబడినవాళ్ళు ఆయన బదులు క్షమించలేదు, ఆయనను క్షమించమని బలవంతం చేయలేదు. క్షమించే హక్కు దెబ్బ తిన్నవాడిది. మీ నాయన క్షమిస్తే అది ఆయన గొప్పతనం. ఆయన చేత క్షమింపజేయడం మాత్రం ఇంకో దెబ్బ.

రెండు. జక్కయ్య కథ చదువు. యేసు వాళ్ళింటికి భోజనానికి పోయాడు. జక్కయ్య లేచి నిలబడి ఏమన్నాడు? అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, ఆస్తిలో సగం పేదలకు అన్నాడు. అప్పుడు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. "నేను సిలువ మీద తీర్చేస్తాలే, నువ్వు ఊరుకో" అనలేదు. కొట్టినవాడు మీ నాయన ముందుకు వచ్చి, తప్పు చేశానని పదిమందిలో ఒప్పుకున్నాడా? ఎగ్గొట్టిన కూలి ఇచ్చాడా? లేదు. నోరు మూయడానికి డబ్బు పంపాడు. దానికి సమాధానం అని బైబిలు మాట పెట్టకూడదు.

మూడు. క్షమాపణ వేరు, సాక్ష్యం వేరు. మీ నాయన మనసులో పగ లేకుండా ఉండొచ్చు, వాడి కోసం ప్రార్థన చేయొచ్చు. కోర్టులో మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాల. "నాకేమీ తెలీదు" అనడం క్షమాపణ కాదు, అబద్ధ సాక్ష్యం. పది ఆజ్ఞల్లో దాని గురించి ఏముందో కాపరి గారికి తెలుసు.

ఇక చట్టం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 కింద నేరాలు రాజీకి వీలైనవి కావు. పైకోర్టులు కొన్ని కేసులు కొట్టేసిన మాట నిజమే. కానీ బాధితుడి మీద ఒత్తిడి లేదని కోర్టు చూసుకోవాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 15ఎ సెక్షన్ కింద బాధితులకు, సాక్షులకు రక్షణ అడిగే హక్కు ఉంది, విచారణలో తమ మాట వినిపించుకునే హక్కు ఉంది. 1995 నియమాల కింద దశలవారీగా వచ్చే పరిహారం మీ హక్కు, అది ఎవడి దయా కాదు, కేసు వదులుకునే వెలా కాదు.

"మీరు చర్చికి పోతారు కదా, కేసు నిలవదు" అని కూడా బెదిరించారని రాశావు. ఆ బెదిరింపు ఉత్తది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దళిత క్రైస్తవుడిని ఎస్సీ జాబితా బయట నిలబెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను లోపలికి తెచ్చారు, మనల్ని తేలేదు. 2025లో మన హైకోర్టు పాస్టరుగా పనిచేస్తున్న ఒకాయన కేసులో ఆయనకు ఈ చట్టం వర్తించదంది. అంటే సిలువ పేరు పైకి చెప్తే చట్టం పోతుంది, చట్టం కావాలంటే సిలువ దాచుకోవాల. కొట్టేవాడు మాత్రం సర్టిఫికెట్ చూసి కొట్టడు. విడిచిపెట్టే మేకను ఊరే కాదు, రాజ్యాంగం పేరుతో కూడా తోలుతున్నారు. కాబట్టి మీ సర్టిఫికెట్ సంగతి ఇన్‌బాక్స్‌లో ఎవరికీ రాయొద్దు, నాకు కూడా. ఈ చట్టం తెలిసిన లాయరు దగ్గరికి పోయి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. నంబరు నీకు విడిగా పంపాను.

నిర్ణయం మీ నాయనది. ఆయన కూలి పోతుంది, ఆయనే ఆ దారిలో నడవాల, ఎండలో ఆయనే నిలబడాల. దూరంగా కూర్చుని పోస్టు రాసేవాడికి ఆయనను హీరోని చేసే హక్కు లేదు. భయంతో సంతకం పెట్టినా ఆయన మనవాడే, వాడలో ఎవ్వరూ ఒక్క మాట అనకూడదు. కానీ సిలువ కోసం సంతకం పెడుతున్నానని మాత్రం అనుకోనీయొద్దు. ఆ బరువు ఆయన నెత్తిన పెట్టొద్దు. అది కూడా పొలి గంపే.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. మీ మీ సంఘాల్లో సిలువ గురించి ఏం చెప్తున్నారో ఈ ఆదివారం జాగ్రత్తగా వినండి. ఆ ప్రసంగంలో దెబ్బ తిన్నవాడికి చోటుందా లేదా చూడండి. లేకపోతే, ఆరాధన అయ్యాక మర్యాదగా లేచి అడగండి. కామెంట్లలో మీ ఊరి కథలు రాయండి, పేర్లు లేకుండా.

వచ్చే వారం 1950 ఉత్తర్వు మూడో పేరా గురించి వివరంగా.

జై భీమ్.